పస్కా రాత్రి పిల్లల ప్రశ్న: బంగాళాఖాతం చుట్టూ ఒక పండుగ చరిత్ర

కథ, కాలం

పస్కా యూదుల వసంతకాలపు పండుగ. ఈజిప్టులో బానిసలుగా మగ్గిన తమ పూర్వీకులు మోషే వెంట విడుదలై బయటికి నడిచిన రాత్రిని యూదులు ఈ పండుగలో ఏటా తలుచుకుంటారు. హీబ్రూలో దీని పేరు పెసహ్. తెలుగు బైబిలు చదివేవారికి పస్కాగా పరిచయం. ఇజ్రాయెల్‌లో 7 రోజులు, ఇతర దేశాల్లోని సంప్రదాయ కుటుంబాల్లో 8 రోజులు జరుగుతుంది. దీనికి గుండెకాయ లాంటిది తొలి రాత్రి. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరతారు. ఇంట్లో చిన్నవాళ్లు ప్రశ్నలు అడుగుతారు, పెద్దవాళ్లు కథ చెబుతారు. కథ ముగిశాకే భోజనం.

ఆ కథ బైబిలులోని నిర్గమకాండంలో ఉంది. కరువు కాలంలో ఈజిప్టుకు వలస వెళ్లిన యాకోబు సంతతి అక్కడే పెరిగి పెద్దదైంది. కొత్తగా వచ్చిన ఈజిప్టు రాజు ఫరో వారిని చూసి భయపడి, ఇటుకలు చేయించి పట్టణాలు కట్టించే వెట్టిలో పెట్టాడు. వారిని వదిలిపెట్టమని మోషే అడిగితే ఒప్పుకోలేదు. దేశం మీద ఒకదాని వెంట ఒకటి పది తెగుళ్లు వచ్చిపడ్డాయి. పదోది ఇంటింటా తొలిచూలు బిడ్డ మరణం. యాకోబు సంతతివారైన ఇశ్రాయేలీయులు గొర్రెపిల్లను కోసి దాని నెత్తురు గుమ్మాలకు పూశారు. ఆ గుర్తున్న ఇళ్లను మృత్యువు దాటిపోయింది. ఆ రాత్రే ఫరో వారిని పొమ్మన్నాడు. పిండి పులిసేదాకా ఆగే తీరిక లేదు. కలిపిన పిండినే మూటగట్టుకుని బయలుదేరి, దారిలో పులియని రొట్టెలు కాల్చుకుని తిన్నారు. ఆ రొట్టె పేరు మత్సా.

ఈ కథకు ఈజిప్టు శాసనాల్లో ఆధారం దొరకలేదు. ఇశ్రాయేలు అనే పేరు తొలిసారి కనిపించేది క్రీ.పూ. 1208 ప్రాంతపు మెర్నెప్తా విజయశాసనంలో. అక్కడా అది కనాను ప్రాంతంలో ఉన్న ఒక జనం పేరుగానే ఉంది. అయితే ఈ పండుగను పాటించే ఆచారం మాత్రం ఎంత పాతదో రాతపూర్వకంగా తెలుస్తుంది. నైలు నదిలోని ఎలిఫంటీన్ లంకలో కాపలా దళంగా ఉన్న యూదులకు క్రీ.పూ. 419లో హనన్యా అనే అధికారి రాసిన ఉత్తరం దొరికింది. యూదుల పంచాంగంలోని నీసాను నెలలో ఏ రోజు నుంచి ఏ రోజు వరకు పులిసిన పదార్థానికి దూరంగా ఉండాలో అందులో ఉంది.

యూదుల పంచాంగం తెలుగు పంచాంగంలాగే చాంద్రసౌరమానం. నెలను చంద్రుడితో, ఏడాదిని సూర్యుడితో లెక్కిస్తారు. రెండింటికీ పొంతన కుదరడానికి 19 ఏళ్లలో 7 అధికమాసాలు వేస్తారు. పస్కా నీసాను నెల పున్నమి రాత్రి మొదలవుతుంది. ఎక్కువ ఏళ్లలో అది చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా, అంటే ఉగాది వెళ్లిన రెండు వారాలకు వస్తుంది. 2023లో ఏప్రిల్ 5న, 2024లో ఏప్రిల్ 22న, 2025లో ఏప్రిల్ 12న తొలి రాత్రి జరిగింది.

బలిపీఠం నుంచి భోజనాల బల్లకు

యెరూషలేములో ఆలయం ఉన్న కాలంలో పస్కా యాత్రికుల పండుగ. దేశం నలుమూలల నుంచి కుటుంబాలు అక్కడికి చేరి, ఆలయ ప్రాంగణంలో గొర్రెపిల్లను బలి ఇచ్చి, ఆ మాంసాన్ని కాల్చి, గుంపులుగా కూర్చుని తినేవి. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఆలయాన్ని కూల్చింది. బలిపీఠం పోయింది. యూదులు దేశదేశాలకు చెదిరిపోయారు. యాత్ర మీద, బలి మీద నిలిచిన పండుగ అంతటితో ఆగిపోయి ఉండవచ్చు. కానీ రబ్బీలు అనే మతగురువులు దాన్ని ఇంటికి తెచ్చారు. పూజారి చేసే బలి స్థానంలో తండ్రీతల్లీ చెప్పే కథ వచ్చింది.

ఆ మార్పు స్వరూపం క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసి కూర్చిన మిష్నా గ్రంథంలో కనిపిస్తుంది. పస్కా ప్రకరణం చివరి అధ్యాయం ఆ రాత్రి ఏం జరగాలో వరసగా చెబుతుంది. ఎంత పేదవాడికైనా నాలుగు గిన్నెల ద్రాక్షారసం అందాలి. రెండో గిన్నె పోశాక కొడుకు తండ్రిని అడగాలి. పిల్లవాడికి అడిగే తెలివి ఇంకా రాకపోతే తండ్రే నేర్పాలి. కథ అవమానంతో మొదలై ఘనతతో ముగియాలి. రబ్బాన్ గమలియేలు మరో నియమం చేర్చాడు: పస్కా బలి, మత్సా, చేదు ఆకు అనే మూడింటి అర్థం చెప్పనివాడు ఆ రాత్రి బాధ్యత నెరవేర్చినట్టు కాదు. తినడం ఒక్కటే చాలదు, ఎందుకు తింటున్నారో చెప్పితీరాలి.

ఈ క్రమాన్ని సెడెర్ అంటారు. అందులో చదివే పుస్తకం హగ్గదా. ఇప్పుడున్న రూపానికి దగ్గరగా ఉన్న పూర్తి పాఠం 10వ శతాబ్దంలో బాగ్దాదు ప్రాంతపు పండితుడు సాదియా గాఓన్ కూర్చిన ప్రార్థనల పుస్తకంలో దొరుకుతుంది. తర్వాత హగ్గదా విడి పుస్తకమైంది. 1350 ప్రాంతంలో స్పెయిన్‌లో తయారైన బొమ్మల హగ్గదా యుద్ధాలనూ దేశాంతరవాసాలనూ తట్టుకుని నేడు బోస్నియాలోని సారాయెవో జాతీయ మ్యూజియంలో ఉంది. హగ్గదాలకు బొమ్మలు వేయడం వెనుక ఒక అవసరం కూడా ఉంది: అక్షరం రాని పిల్లలు సైతం కథను చూసి తెలుసుకోవాలి.

పిల్లల కోసం చేసిన ఏర్పాట్లు

సెడెర్ బల్ల మీద ప్రతి వస్తువూ పిల్లల చూపును లాగడానికే ఉన్నట్టుంటుంది. ఒక పళ్లెంలో కాల్చిన ఎముక ముక్క, ఉడికించిన గుడ్డు, చేదు ఆకు లేదా ఘాటైన దుంప, పచ్చని ఆకుకూర, పళ్లూ గింజలూ కలిపి నూరిన తీపి ముద్ద ఉంటాయి. పక్కనే ఉప్పునీళ్ల గిన్నె, గుడ్డ కప్పిన మూడు మత్సాలు. ఎముక పూర్వపు బలికి గుర్తు. చేదు బానిసత్వానికి గుర్తు. ఉప్పునీళ్లు కన్నీళ్లు. హరోసెత్ అనే తీపి ముద్ద ఇటుకలు చేసిన బంకమట్టి. ఆకుకూరను భోజనానికి ముందే ఉప్పునీళ్లలో ముంచి తినడం మామూలు రోజున జరగని పని. దాన్ని చూసి పిల్లలు ఆశ్చర్యపోవాలి, అడగాలి. మిష్నాకు వ్యాఖ్యానమైన తల్మూదులోని పండితులు ఈ ఉద్దేశాన్ని బాహాటంగానే చెప్పారు.

రబ్బీ అకీవా పస్కా సాయంత్రం పిల్లలకు వేయించిన గింజలూ కాయపప్పులూ పంచేవాడని తల్మూదు చెబుతుంది. పిల్లలు నిద్రపోకుండా మేలుకుని ప్రశ్నలు అడగాలని ఆయన ఆరాటం. పిల్లల కోసం మత్సాను త్వరగా లాగేసుకోవాలని మరో రబ్బీ మాట. అందులోంచే తర్వాతి కాలంలో ఒక ఆట పుట్టింది. నడిమి మత్సాను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కను దాచిపెడతారు. దాని పేరు అఫికోమన్. కొన్ని ఇళ్లలో పెద్దలు దాస్తే పిల్లలు వెతుకుతారు, కొన్ని ఇళ్లలో పిల్లలే ఎత్తుకుపోతారు. దాన్ని తిరిగి ఇచ్చి కానుక పుచ్చుకుంటారు. ఆ ముక్క తినకుండా భోజనం ముగియదు కాబట్టి పిల్లలు చివరిదాకా మేలుకునే ఉంటారు.

ప్రశ్నలు నాలుగు. ఈ రాత్రి పులియని రొట్టె మాత్రమే ఎందుకు, చేదు ఆకు ఎందుకు, రెండుసార్లు ముంచడం ఎందుకు, ఒరిగి కూర్చోవడం ఎందుకు. ఆలయ కాలపు వరసలో కాల్చిన మాంసం గురించి ప్రశ్న ఉండేది. బలి ఆగిపోయాక దాని స్థానంలో ఒరిగి కూర్చోవడం వచ్చింది. రోమన్ కాలంలో స్వతంత్రులు విందులో దిండుకు ఒరిగేవారు. బానిసకు ఆ హక్కు లేదు. అందుకే పస్కా రాత్రి పేదవాడు కూడా ఒరిగి తినాలని నియమం. ఇంట్లో పిల్లలు లేకపోతే భార్య అడగాలి. ఒంటరివాడైతే తనను తానే అడగాలి. ఇద్దరు మహాపండితులే కూర్చున్నా ఒకరినొకరు అడగాల్సిందే.

పిల్లలందరూ ఒకలా ఉండరని హగ్గదా గుర్తిస్తుంది. అందులో నలుగురు కొడుకులు వస్తారు: తెలివైనవాడు, ఎదురు తిరిగేవాడు, అమాయకుడు, అడగడమే తెలియనివాడు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. నాలుగోవాడి దగ్గర పెద్దలే మాట మొదలుపెట్టాలి. పది తెగుళ్ల పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకు ఒక్కో చుక్క ద్రాక్షారసం గిన్నెలోంచి తీసేస్తారు. తమ విడుదల కోసం ఈజిప్టువారు బాధపడ్డారు కాబట్టి సంతోషపు గిన్నె నిండుగా ఉండకూడదని పెద్దలు పిల్లలకు వివరిస్తారు.

రాత్రి చివర పాటలు పాడుకుంటారు. వాటిలో పిల్లలకు బాగా ఇష్టమైనది ఒక మేకపిల్ల పాట. మేకపిల్లను పిల్లి తింటుంది, పిల్లిని కుక్క కరుస్తుంది, కుక్కను కర్ర కొడుతుంది, కర్రను నిప్పు కాలుస్తుంది. తెలుగు పిల్లల ఏడు చేపల కథలాగే ఒక్కో అడుగుకూ గొలుసు పొడుగవుతూ పోతుంది. 1590లో ప్రాగ్ నగరంలో అచ్చయిన హగ్గదాలో ఈ పాట చేరింది.

కథ పిల్లలకు తెలిసిన భాషలో ఉండాలన్న పట్టింపు కూడా పాతదే. ఆడవారికీ పిల్లలకూ అర్థం కావాలని లండన్‌లోని ఒక రబ్బీ హగ్గదాను అంతా వాడుక భాషలో చెప్పేవాడని 16వ శతాబ్దపు పోలండ్ పండితుడు మోషే ఇస్సెర్లెస్ నమోదు చేశాడు. అరబీలో, స్పానిష్‌లో, యిడ్డిష్‌లో, పర్షియన్‌లో, మరాఠీలో ప్రశ్నలు అడిగిన పిల్లలు ఈ పట్టింపుకు వారసులు.

పులిసినది, పులియనిది

పండుగ రోజుల్లో పులిసిన ధాన్యం తినకూడదు, ఇంట్లో ఉంచకూడదు. గోధుమ, బార్లీ, రై, ఓట్లు, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాలకు ఈ నియమం వర్తిస్తుంది. పిండి నీళ్లలో తడిసిన 18 నిమిషాల్లోపు కాల్చడం పూర్తయితే అది మత్సా. దాటితే పులిసినట్టే లెక్క. అందుకే మత్సా పని వడివడిగా, నలుగురు చేతులు కలిపి చేసే పని.

పండుగకు ముందు ఇల్లంతా దులిపి కడుగుతారు. ముందు రోజు రాత్రి కొవ్వొత్తి వెలుగులో మూలమూలా వెతుకుతారు. చాలా ఇళ్లలో పది రొట్టె ముక్కలు ముందే దాచి, వాటిని పిల్లల చేత వెతికిస్తారు. పక్షి ఈకతో చెక్క గరిటెలోకి ఊడ్చి, మర్నాడు పొద్దున కాల్చేస్తారు.

బియ్యం, పప్పుల విషయంలో యూదులలోనే రెండు దారులున్నాయి. మధ్య, తూర్పు ఐరోపాకు చెందిన అష్కెనాజీలు సుమారు 13వ శతాబ్దం నుంచి వీటినీ మానుకున్నారు. ధాన్యపు గింజలు కలుస్తాయన్న జాగ్రత్త ఒక కారణం. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీలలో చాలామంది, ఇరాకు, యెమెన్, భారతదేశపు యూదులు అన్నం తింటూనే వచ్చారు. ఒకే పండుగ రోజున ఒక ఇంట్లో నిషిద్ధమైనది మరో ఇంట్లో ప్రధానాహారం కావడం ఈ చరిత్రలో మామూలు సంగతి.

దేశదేశాల ఇళ్లలో

కథ ఒకటే అయినా చెప్పే తీరు ఊరూరికీ మారింది. ఇరాకు యూదుల ఇళ్లలో సెడెర్ ఒక చిన్న నాటకంతో సాగుతుంది. ఒక పిల్లవాడు మత్సా మూటను భుజాన వేసుకుని బయటికి వెళ్లి తలుపు తడతాడు. ఎక్కడి నుంచి వస్తున్నావని లోపలివాళ్లు అడుగుతారు. ఈజిప్టు నుంచి అంటాడు. ఎక్కడికని అడిగితే యెరూషలేముకని చెబుతాడు. అలా లోపలికి వచ్చి నాలుగు ప్రశ్నలు మొదలుపెడతాడు.

ఇరాన్, అఫ్గానిస్తాన్ యూదులు కృతజ్ఞత చెప్పే పాట పాడుతూ ఉల్లికాడలతో ఒకరినొకరు కొట్టుకుంటారు. అవి బానిసల వీపు మీది కొరడాలకు గుర్తు. ఏడాదికి ఒక్కసారి తాతను ఉల్లికాడతో కొట్టే అవకాశం మనవలకు దొరుకుతుంది. యెమెన్ యూదుల మత్సా పెళుసుగా కాకుండా మెత్తని రొట్టెలా ఉంటుంది. వారు పళ్లెం పెట్టరు, బల్ల అంచుల వెంట ఆకుకూరలు పరిచి బల్లనే పళ్లెం చేస్తారు. మొరాకోలో సెడెర్ పళ్లేన్ని కూర్చున్న ఒక్కొక్కరి తల మీదుగా తిప్పుతారు. పండుగ ముగిసిన రాత్రి మిమూనా అనే వేడుకలో తలుపులు బార్లా తెరిచి, తేనె రాసిన పల్చని రొట్టెలు ఇరుగుపొరుగుకు పెడతారు. ఇథియోపియా యూదులు పాత మట్టికుండలు పగలగొట్టి కొత్తవి చేసుకునేవారు.

ఈ ఆచారాలన్నిటినీ కలిపే నియమం హగ్గదాలోనే ఉంది: ప్రతి తరంలో ప్రతి ఒక్కరూ తామే ఈజిప్టు నుంచి బయటికి వచ్చినట్టు భావించుకోవాలి. మూట మోయడం, ఉల్లికాడ దెబ్బ, కొత్త కుండ అన్నీ ఆ భావనను పిల్లల ఒంటికి తెలిసేలా చేసే మార్గాలు.

కొచ్చిలో నూరు రోజుల శుద్ధి

భారతదేశంలో పస్కాకు అందరికంటే కఠినంగా సిద్ధమైనవారు కొచ్చి యూదులు. క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బానుకు ఇచ్చిన తామ్రశాసనాలు వారి ప్రాచీనతకు సాక్ష్యం. మట్టంచేరిలోని పరదేశి సినగాగు, అంటే యూదుల ప్రార్థనాలయం, 1568 నాటిది. అక్కడి ఇళ్లను 1980లలో అధ్యయనం చేసిన నేథన్ కాట్జ్, ఎల్లెన్ గోల్డ్‌బర్గ్ పస్కా ఏర్పాట్లను వివరంగా రాశారు.

చలికాలంలో వచ్చే హనుక్కా పండుగ వెళ్లగానే పని మొదలయ్యేది. పస్కాకు వాడే బియ్యాన్ని ఆడవారు గింజ గింజా చూసి, మళ్లీ మళ్లీ ఏరేవారు. మసాలా దినుసులు కడిగి ఎండబెట్టి విడిగా దాచేవారు. వసంతంలో పూరీం పండుగ దాటాక గోడలు గీకి సున్నాలు వేయించేవారు. బావులు తోడించి శుభ్రం చేయించేవారు. పస్కా పాత్రలు ఏడాది పొడుగునా వేరుగా ఉండేవి. ఈ నూరు రోజుల్లో ఇల్లాలు ఏమరుపాటుగా ఉంటే భర్తకూ పిల్లలకూ కీడు జరుగుతుందన్న భయం అక్కడి ఇళ్లలో ఉండేది. చుట్టూ ఉన్న కేరళ సమాజపు మడి ఆచారాలు ఈ నిష్ఠను మరింత బిగించాయని ఆ పరిశోధకుల అభిప్రాయం. తెలుగు ఇళ్లలో మడిబట్ట, మడినీళ్ల వ్యవహారం ఎరిగినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. మత్సా చేసేటప్పుడు ఆడా మగా కలిసి కూర్చునేవారు. ఖర్జూరాలు ఉడికించి పాకంగా తీసి హరోసెత్ చేసేవారు.

1950లలో కొచ్చి యూదులలో అత్యధికులు ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. వారి పస్కా వంటలు, పాటలు ఇప్పుడు అక్కడి గ్రామాల్లో సాగుతున్నాయి.

కొంకణ తీరపు గానుగవారు

మహారాష్ట్ర కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులు గానుగ ఆడించి నూనె అమ్ముకుని బతికేవారు. యూదుల విశ్రాంతి దినమైన శనివారం గానుగ ఆపేవారు కాబట్టి చుట్టుపక్కలవారు వారిని శనివారపు తేలీలని పిలిచారు. ఇతర యూదులతో సంబంధాలు తెగిపోయిన కాలంలో వారి దగ్గర హీబ్రూ పుస్తకాలు లేవు, హగ్గదా లేదు. అయినా వసంతంలో ఎనిమిది రోజులు పుల్లని ద్రవం నిలవచేసే జాడీకి మూత పెట్టి ఉంచే పండుగ ఒకటి వారికి ఉండేది. కారణం మరిచిపోయినా పులుపును దూరం పెట్టే అలవాటు వంటింట్లో మిగిలింది. పుస్తకం లేనిచోట కూడా ఆడవారి చేతుల మీదుగా పండుగ పిల్లలకు అందగలదని దీనివల్ల తెలుస్తుంది.

1796లో సామ్యూల్ దివేకర్ ముంబయిలో వారి తొలి సినగాగు కట్టించాడు. 19వ శతాబ్దంలో కొచ్చి నుంచి వచ్చిన గురువులు ప్రార్థనలు నేర్పారు. స్కాటిష్ మిషనరీ జాన్ విల్సన్ 1832లో మరాఠీలో హీబ్రూ వ్యాకరణం అచ్చు వేయించాడు. 1846లో ముంబయిలో మరాఠీ అనువాదంతో హగ్గదా వెలువడింది. 1874లో పుణెలో అచ్చయిన హగ్గదాలో చీరలు కట్టుకున్న ఆడవారు నేల మీద కూర్చుని మత్సా చేసే బొమ్మలున్నాయి. ఆ పుస్తకం తెరిచిన పిల్లలు తమ అమ్మనూ అమ్మమ్మనూ కథలో చూసుకున్నారు. పండుగకు ముందు ఇళ్లకు సున్నం, రాగి పాత్రలకు కళాయి వేయించడం, ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసాన్ని ద్రాక్షారసం బదులు వాడడం వారి ఇళ్లలో ఆనవాయితీ.

కలకత్తా నుంచి అండమాన్ సముద్రం మీదుగా

1798లో అలెప్పో నగరం నుంచి షాలోమ్ కోహెన్ అనే వర్తకుడు కలకత్తా చేరాడు. అతని వెనుక బాగ్దాదు, బస్రా నుంచి మరిన్ని కుటుంబాలు వచ్చాయి. నల్లమందు, నీలిమందు, పట్టు, జనపనార వ్యాపారాల్లో స్థిరపడిన ఈ బాగ్దాదీ యూదులు 1856లో బెత్ ఎల్ సినగాగును, 1884లో మాగెన్ డేవిడ్ సినగాగును కట్టారు. 1881లో బాలికల కోసం, మరుసటి ఏడు బాలుర కోసం బడులు పెట్టారు. పస్కా కథ ఇంట్లో అరబీలో, బడిలో హీబ్రూ, ఇంగ్లీషుల్లో పిల్లలకు అందింది. వారి హరోసెత్ పేరు హలేక్: ఖర్జూరాలు నానబెట్టి, గుడ్డలో వడకట్టి, చిక్కగా మరిగించిన పాకంలో అక్రోటు పలుకులు కలుపుతారు. దానితో మత్సా నంజుకోవడం పిల్లలు ఏడాదంతా ఎదురుచూసే రుచి.

కలకత్తా ఓడలు అండమాన్ దీవులకు ఉత్తరాన రంగూన్‌కు, అక్కడి నుంచి అండమాన్ సముద్రం వెంట పెనాంగ్, సింగపూర్‌లకు సాగేవి. ఆ దారిలోనే బాగ్దాదీ యూదులు స్థిరపడ్డారు. రంగూన్‌లో 1854లో కర్రతో కట్టిన ముస్మియా యెషువా సినగాగు 1890లలో రాతి కట్టడమైంది. సింగపూర్‌లో మాగైన్ అబోత్ 1878లో, చెసెద్ ఎల్ 1905లో వెలిశాయి. అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ బందీల కాలనీగా 1858లో మొదలైన కాలం కూడా ఇదే. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు రంగూన్ బియ్యం మిల్లులకు, రేవు పనులకు ఓడలెక్కినది కూడా ఈ కాలంలోనే. బాగ్దాదు నుంచి వచ్చిన యూదు వర్తకుడు, కోస్తా నుంచి వెళ్లిన తెలుగు కూలీ ఇద్దరూ రంగూన్‌లో ఒకే రేవులో దిగారు.

1942లో రెండో ప్రపంచ యుద్ధం ఆ దారిని తెంచింది. జపాన్ సేనలు మార్చి 8న రంగూన్‌లో, మార్చి 23న పోర్ట్ బ్లెయిర్‌లో ప్రవేశించాయి. ఆ ఏడు పస్కా తొలి రాత్రి ఏప్రిల్ 1. అప్పటికే రంగూన్ యూదులలో ఎక్కువమంది ఇళ్లు వదిలి కలకత్తా దారి పట్టారు. బర్మాలోని లక్షలాది భారతీయులు, వారిలో తెలుగువారు, ఓడ దొరకనివారైతే కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన తరలివచ్చారు. యుద్ధం తర్వాత రంగూన్‌కు తిరిగి వెళ్లిన యూదు కుటుంబాలు కొద్ది. యుద్ధానికి ముందు సుమారు 2,000 దాటిన వారి సంఖ్య నేడు గుప్పెడు. సినగాగు మాత్రం నిలిచే ఉంది. కలకత్తాలోనూ అంతే: ఒకప్పుడు వేలల్లో ఉన్న సమాజంలో ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. యూదులు పెట్టిన బాలికల బడిలో నేడు చదివేవారు ఎక్కువగా ముస్లిం బాలికలు.

కొత్తరెడ్డిపాలెంలో తెలుగు సెడెర్

తెలుగు మాట్లాడే యూదుల సమాజం గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఉంది. వీరు తమను బెనె ఎఫ్రాయిం అని, అంటే ఎఫ్రాయిం గోత్రపు సంతతి అని చెప్పుకుంటారు. క్రీ.పూ. 722లో అస్సీరియన్లు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చినప్పుడు చెదిరిపోయిన గోత్రాలలో తమది ఒకటని, ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకు చేరామని వారి నమ్మకం. చరిత్రకారులు దీన్ని సమాజపు సంప్రదాయ కథనంగా పరిగణిస్తారు.

ఈ కుటుంబాలు మాదిగ సమాజానికి చెందినవి. 19వ శతాబ్దంలో కోస్తా జిల్లాల్లో సాగిన మిషనరీ ఉద్యమంలో వీరి పెద్దలు క్రైస్తవులయ్యారు. 1980లలో షముయేలు యాకోబీ, సాదోకు యాకోబీ అనే సోదరులు యూదు ఆచారాలను బహిరంగంగా పాటించడం మొదలుపెట్టారు. 1991లో ఊళ్లో సినగాగు వెలిసింది. దాని చుట్టూ సుమారు 40 కుటుంబాలున్నాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవశాస్త్రవేత్తలు ఈ సమాజం మధ్య ఉండి చేసిన అధ్యయనం 2013లో పుస్తకంగా వచ్చింది.

ఇక్కడి పిల్లలు సినగాగులో హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు నేర్చుకుంటారు. శుక్రవారం సాయంత్రం సబ్బాతు అనే విశ్రాంతి దినం, వసంతంలో పస్కా, శరదృతువులో కొత్త సంవత్సరం పాటిస్తారు. పులియని రొట్టె చేయడం ఈ వంటిళ్లకు కొత్త విద్య కాదు. నీళ్లు పోసి కలిపి, వత్తి, పెనం మీద కాల్చే రొట్టె తెలుగు ఇళ్లకు తెలిసినదే. కొత్తగా వచ్చినవి ఆ రొట్టె చుట్టూ ఉన్న నియమం, దానితో పాటు చెప్పే కథ. తరాల తరబడి అంటరానితనాన్ని, వెట్టిని చవిచూసిన కుటుంబాలకు బానిసల విడుదల కథ దూరదేశపు కథలా వినిపించదు. పెద్దలు వెట్టి మాట చెప్పినప్పుడు తమ తాతముత్తాతల బతుకు పిల్లల కళ్ల ముందుకు వస్తుంది.

తమదీ చెదిరిపోయిన గోత్రమేనని చెప్పుకునే మిజోరం, మణిపూర్‌లలోని బ్నెయ్ మెనషె సమాజాన్ని ఇజ్రాయెల్ సెఫార్దీ ప్రధాన రబ్బీ 2005లో ఇశ్రాయేలు సంతతిగా గుర్తించాడు. వారిలో వేలమంది ఇజ్రాయెల్‌కు వెళ్లి స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలెం సమాజానికి అలాంటి గుర్తింపు రాలేదు. వారు తమ ఊళ్లోనే, తమ భాషలోనే పండుగను నిలుపుకుంటున్నారు.

తెలుగు పిల్లలకు చెప్పవలసిన తీరు

ఈ కథను తెలుగు పిల్లలకు చెప్పే తరగతి ఎలా ఉంటుందో చూడడానికి అండమాన్ ఒక ఉదాహరణ. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి 100 మందిలో 13 మంది మాతృభాష తెలుగు. అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది. ఒకే తరగతిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కూర్చుంటారు. నికోబారీలలో అత్యధికులు క్రైస్తవులు. వారికి కొత్త నిబంధనను సొంత భాషలో అందించినవాడు బిషప్ జాన్ రిచర్డ్‌సన్. పస్కా అనే మాట ఆ పిల్లలకు సువార్తల నుంచి, మోషే కథ ముస్లిం పిల్లలకు ఖురాన్ నుంచి ముందే పరిచయం. ఇలాంటి తరగతికి పస్కా పాఠం చెప్పేటప్పుడు మూడు విషయాలు మరువరాదు.

మొదటిది, యూదులు బైబిలు కాలంతో ఆగిపోయినవారు కారు. ఇప్పుడు బతికి ఉన్న సమాజాలు, ఇప్పుడూ బడికి వెళ్లే పిల్లలు. వారిలో కొందరి ఇంటి భాష తెలుగు. రెండోది, పస్కాకు ఒకే వంటకం, ఒకే వేషం లేవు. పోలండ్ మూలాలున్న ఇంట్లో బియ్యం మానుతారు, కొచ్చి ఇంట్లో అదే బియ్యాన్ని గింజ గింజా ఏరి వండుతారు. పటంలో యెమెన్, మొరాకో, ఇథియోపియా, కొంకణం, రంగూన్, గుంటూరు చూపిస్తూ ఒక్కో ఇంటి తీరు చెబితే పిల్లలకు పండుగతో పాటు ప్రపంచ చరిత్రా తెలుస్తుంది. మూడోది, ఇది ఇతరుల పవిత్ర ఆచారం. తరగతిలో దాని పూజను అనుకరించనక్కర లేదు. కథ చెప్పి, బొమ్మలు చూపి, మత్సా రుచి చూపించి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించడం చాలు.

ఆ చివరి పని ఈ పండుగ స్వభావానికే తగినది. ఆలయం, బలిపీఠం, రాజ్యం పోయిన ఒక జనం తమ చరిత్రను పిల్లల ప్రశ్నకు పెద్దలు చెప్పే జవాబుగా మలుచుకుంది. బాగ్దాదులో మూట మోసిన పిల్లవాడు, పుణె హగ్గదాలో చీరకట్టు బొమ్మలు చూసిన పిల్ల, కొత్తరెడ్డిపాలెం సినగాగులో హీబ్రూ అక్షరాలు దిద్దే పిల్లలు ఆ జవాబును తమ తమ భాషల్లో అందుకున్నవారే. పస్కా నిలిచింది అలా అందించినవారి వల్ల, అందుకున్నవారి వల్ల.